ముందు చక్రానికి ఒక్క మంచి టైరు

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 24, బరువు 72 కిలోలు. ముందు సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ సైకిలు కొని రెండేళ్లయింది. చక్రాలు 27.5 అంగుళాలు, డిస్కు బ్రేకులు. కంపెనీ వేసి ఇచ్చిన 2.1 అంగుళాల వెడల్పు టైర్లే ఇప్పటికీ ఉన్నాయి. ఆదివారాల్లో ఇంటి నుంచే తొక్కుకుంటూ కొండవీడు వైపు వెళ్లి, కొండ అంచున ఉన్న మట్టి బాటల్లో దిగుతుంటాం. ఎండాకాలంలో ఏ ఇబ్బందీ లేదు. వాయుగుండం వానలు పడ్డాక మాత్రం దిగుడు మలుపుల్లో ముందు చక్రం జారిపోతోంది. కిందటి కార్తీకంలో పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. విదేశీ డౌన్‌హిల్ పోటీల్లో, అంటే కొండ మీది నుంచి వేగంగా దిగే పోటీల్లో, వాడే మేకుల్లాంటి బొడిపెల టైర్లు రెండు తెప్పించుకొమ్మని స్నేహితులు అంటున్నారు. నా దగ్గర ఆరు వేల రూపాయలున్నాయి. ఏ టైర్లు కొనాలి? ఎంత వెడల్పు ఉండాలి? ట్యూబ్‌లెస్ చేయించాలా? మా దారిలో నల్లరేగడి డొంక ఒకటి ఉంది, వాన పడితే అక్కడ చక్రాలే తిరగవు. దానికి ఏ టైరు మంచిది?

— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఆరు వేలతో రెండు టైర్లు కొనకండి. ఒక్కటే కొని ముందు చక్రానికి వేయించండి. అది మేకుల టైరు కాకూడదు. బొడిపెలు ఎత్తుగా, ఎడంఎడంగా ఉండి, రబ్బరు మెత్తగా ఉన్న 2.3 లేదా 2.35 అంగుళాల టైరు మీకు కావాలి. వెనక చక్రానికి ప్రస్తుతానికి పాతదే ఉండనివ్వండి. నేను చెప్పే రకం మీకు దొరక్కపోతే ఉన్నవాటిలో మీరే ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది కాబట్టి కారణాలు కూడా చెబుతాను.

ముందు చక్రం సంగతి మొదట చూద్దాం. దిగుడులో బ్రేకు వేసినప్పుడు మీ బరువు, సైకిలు బరువు చాలా వరకు ముందు చక్రం మీదికే వస్తాయి. ఆపేదీ అదే, తిప్పేదీ అదే. వెనక చక్రం జారితే సైకిలు పక్కకు ఊగుతుంది, మీరు ఒళ్లు సర్దుకుని నిలబడటానికి సమయం ఉంటుంది. ముందు చక్రం జారితే ఆ సమయం ఉండదు. హ్యాండిలు మడత పడేలోపే భుజం నేలకు తగులుతుంది. మీరు పడ్డది కూడా ముందు చక్రం జారే కదా. అందుకే ఉన్న డబ్బంతా అక్కడే పెట్టమంటున్నాను. మంచి దిగుమతి టైరు ఒక్కదానికే మీ ఆరు వేలలో పెద్ద భాగం పోతుంది. అదే డబ్బుకు రెండు వస్తున్నాయంటే రెండూ గట్టి రబ్బరువే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక మేకుల టైర్లు. మీ స్నేహితులు చూసిన పోటీల్లో అవి నిజంగానే పని చేస్తాయి. 2011లో స్విట్జర్లాండ్‌లోని షాంపెరీలో ప్రపంచ చాంపియన్‌షిప్ డౌన్‌హిల్ పోటీ వానలో, బురదలో జరిగింది. బ్రిటన్‌కు చెందిన డానీ హార్ట్ అందులో 11 సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. సెకనులో పదో వంతు తేడాతో పతకాలు మారిపోయే ఆటలో అది మామూలు తేడా కాదు. అటువంటి నేలల్లో, స్కాట్లాండ్, వేల్స్ అడవుల్లో శీతాకాలం పొడవునా బురద ఆరదు. ఆకులు కుళ్లి తయారైన మెత్తని నల్లమట్టి పైన ఉంటుంది, కింద ఎక్కడో గట్టి పొర ఉంటుంది. మాక్సిస్ వెట్‌స్క్రీమ్, ష్వాల్బే డర్టీ డాన్, కాంటినెంటల్ హైడ్రోటల్ వంటి టైర్లు ఆ పై పొరను చీల్చుకుని కింది గట్టి పొరను పట్టుకోవడానికి పుట్టాయి. పొడవాటి మేకు లోపలికి దిగబడాలి. దిగబడితేనే దానికి విలువ.

కొండవీడులోనైనా, కొండపల్లిలోనైనా, మంగళగిరిలోనైనా మన కొండల మీద అంత మందం మట్టి ఎక్కడుంది? ఇవన్నీ తూర్పు కనుమల రాతి గుట్టలు. పైన పలచగా ఎర్రమట్టి, దానిలో గరుసు, అక్కడక్కడా బెత్తెడు లోతునే బండ. గట్టి వాన పడితే వాలులో ఉన్న ఆ కాస్త మట్టీ కొట్టుకుపోయి రాయి తేలుతుంది. మేకుల టైరు ఆ బండ మీదికి వచ్చేసరికి దాని ఒళ్లంతా నేలకు ఆనదు, కొసలు మాత్రమే ఆనుతాయి. సైకిలు వంచగానే పొడవాటి బొడిపెలు పక్కకు ఒరిగిపోతాయి, చక్రం ఎటు పోతుందో చేతికి తెలియదు. పోటీల్లో కూడా బురద కింద నేల గట్టిగా ఉందని తెలిస్తే మెకానిక్కులు కట్టర్ తీసుకుని ఒక్కో మేకునూ పొట్టి చేస్తారు. పైగా మీరు ఇంటి నుంచి కొండ దాకా తారు రోడ్డు మీద తొక్కాలి, తిరిగి రావాలి. తడి తారు మీద మలుపు తిరిగేటప్పుడు మేకుల టైరు ప్రమాదకరం. తారు మీద తొందరగా అరుగుతుంది కూడా.

మన శీతాకాలపు బురదకు ఇంకో లక్షణం ఉంది. అది నెలల తరబడి ఉండేది కాదు, తుఫానులతో వచ్చి పోయేది. 2023లో మిచాంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి వాన తరువాత మూడు నాలుగు రోజులకు కొండ దిగితే ఒకే దిగుడులో పై భాగం ఆరిన గరుసు, మధ్యలో చెట్ల నీడన పాచి పట్టిన బండ, కింద వాగు దాటే చోట అడుసు తగులుతాయి. వాన లేకపోయినా డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు కురిసి రాళ్లన్నీ తడిసి ఉంటాయి. ఈ మూడింటికీ ఒకే టైరు పని చేయాలి కాబట్టి మేకులకూ మామూలు బొడిపెలకూ మధ్య రకం కావాలి. మీ 2.1 టైరును ఒకసారి దగ్గరగా చూడండి. బొడిపెలు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి సందుల్లో మట్టి ఇరుక్కుంటే చక్రం ఎంత తిరిగినా విదిలిపోదు, టైరు నున్నటి గుండులా అయిపోతుంది. అంచుల్లో ఉన్న బొడిపెలు మరీ చిన్నవి. మలుపులో సైకిలు వంగినప్పుడు నేలను పట్టుకోవాల్సినవి అవే. కొత్త టైరు కొనేటప్పుడు మధ్య వరుసకన్నా ఈ అంచు వరుసనే ముందు చూడండి. ఒక్కో బొడిపె దిట్టంగా, అడుగు వెడల్పుగా ఉండి, వేలితో పక్కకు నెడితే తేలిగ్గా ఒరగకూడదు. సందుల్లో చూపుడు వేలు కొస సులువుగా పట్టాలి.

ఇప్పుడు రబ్బరు గురించి. టైరు కొనేవాళ్లలో ఎక్కువమంది బొడిపెల ఆకారం చూసి ఆగిపోతారు. తడి బండ మీద మాత్రం ఆకారం చేసే మేలు కొంచెమే, మిగతాదంతా రబ్బరే చూసుకోవాలి. అరిగి గట్టిపడిన రబ్బరు చెప్పు వేసుకుని తడి నాపరాయి మీద నడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. టైరు కూడా అంతే. మెత్తని రబ్బరు రాతి గరుకులోకి కూరుకుని పట్టు తెస్తుంది. దానికి మరో గుణం కూడా ఉంది. నొక్కి వదిలితే అది వెంటనే పైకి లేవదు, నెమ్మదిగా లేస్తుంది. అందువల్ల రాయి తగిలినప్పుడు చక్రం ఎగిరిపడకుండా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. దుకాణంలో బొటనవేలి గోరు బొడిపెలో గుచ్చి తీసి చూడండి. గట్టి రబ్బరులో గుర్తు పడీ పడకముందే మాయమవుతుంది. మెత్తని దాంట్లో గోరు తేలిగ్గా దిగుతుంది, గుంట నిదానంగా పూడుతుంది. ఇదే గుణాన్ని కంపెనీలు అంకెలతోనో పేర్లతోనో చెబుతాయి. రబ్బరు గట్టిదనాన్ని చెప్పే షోర్ ఏ కొలతలో 60, ఆపైన ఉంటే గట్టి రబ్బరు, 42 దగ్గర ఉంటే బాగా మెత్తన. మాక్సిస్‌లో మాక్స్‌టెర్రా మధ్యస్థం, మాక్స్‌గ్రిప్ అన్నిటికన్నా మెత్తన. ష్వాల్బేలో ఆడిక్స్ సాఫ్ట్‌కు నారింజ రంగు గీత, అల్ట్రా సాఫ్ట్‌కు ఊదా గీత ఉంటాయి. మీరు మాక్స్‌టెర్రా లేదా నారింజ గీత దగ్గర ఆగండి. ఇంకా మెత్తనివి కొండ మీదికి జీపులో సైకిలు తీసుకెళ్లి దిగేవాళ్లకు. తారు రోడ్డు మీద అవి కాళ్ల సత్తువ పీల్చేస్తాయి, తొందరగా అరిగిపోతాయి.

పేర్లు అడిగారు కాబట్టి చెబుతాను. నా మొదటి ఓటు ష్వాల్బే మ్యాజిక్ మేరీ, 27.5 అంగుళాల చక్రానికి 2.35 వెడల్పు. బురదనూ తడి రాతినీ ఒకే టైరుతో నెగ్గుకు రావాలంటే దానిలాంటివి తక్కువ. అది దొరక్కపోతే మాక్సిస్ హై రోలర్ 2, వెడల్పు 2.3. అయితే పాత నిల్వ అంటగడుతున్నారేమో చూసుకోండి. ఏళ్ల తరబడి దుకాణం వేడిలో పడి ఉన్న టైరు రబ్బరు గట్టిపడుతుంది. బొడిపెల మొదళ్లలో వెంట్రుకంత పగుళ్లు కనిపిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. మాక్సిస్ షార్టీ కూడా మంచి బురద టైరే. కానీ అది 2.4 వెడల్పు వైడ్ ట్రెయిల్ రకంగా వస్తుంది, లోపలి వెడల్పు 30 నుంచి 35 మిల్లీమీటర్లు ఉన్న రిమ్ముల కోసం చేసినది. కంపెనీ 2.1 టైర్లు వేసి ఇచ్చిన సైకిలు రిమ్ములు సాధారణంగా అంత వెడల్పు ఉండవు. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే అది గుండ్రంగా ఉబ్బుతుంది. అంచు బొడిపెలు వాటి చోటు తప్పుతాయి, మలుపులో టైరు రిమ్ము మీద అటూ ఇటూ ఊగుతుంది. ఏ పేరుదైనా సరే, టైరు పక్కగోడ మీద 584 అనే అంకె చూసే కొనండి. 27.5 అంగుళాల చక్రం కొలత అదే. 622 అని ఉంటే అది 29 అంగుళాలది.

డబ్బు కట్టే ముందు ఇంట్లో ఒక పని చేయండి. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ఇప్పుడున్న ముందు టైరుకూ, ఆ చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కాళ్లకూ మధ్య, టైరుకూ ఆ రెండు కాళ్లనూ కలిపే కమానుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. 2.1 నుంచి 2.35కు వెళితే టైరు మొత్తం వెడల్పు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే ఒక్కో పక్క 3. ఎత్తు అంతకన్నా కాస్త ఎక్కువే పెరుగుతుంది, ఎందుకంటే బొడిపెలు కూడా పొడుగు. కొత్త టైరు వేశాక చుట్టూ కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. వేయించిన తరువాత 6 నంబరు ఎలన్ కీని ఆ సందుల్లో పెట్టి చక్రం తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు. తగిలితే వెడల్పు తగ్గించుకోవడమే మార్గం. ఖాళీ లేని ఫోర్కులో మట్టి ఇరుక్కుని దిగుడులో ముందు చక్రం పట్టేస్తే సైకిలు అక్కడే ఆగుతుంది, మీరు ఆగరు.

టైరు మీద తిరిగే దిశ బాణం గుర్తుతో ఉంటుంది. వేసేవాళ్లు తొందరలో తిప్పి వేస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి.

ఇంత ఖర్చు పెట్టి గాలి ఇష్టం వచ్చినట్టు కొట్టిస్తే టైరు కొన్న ఫలం దక్కదు. రోడ్డు పక్క పంక్చరు దుకాణంలో కంప్రెసర్‌తో రాయిలా గట్టిపడేదాకా కొట్టేస్తారు. అది రోడ్డుకు బాగుంటుంది. కొండ మీద అటువంటి టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, బొడిపెలు సరిగా నేలను తాకవు. టైరుకు పోను మిగిలిన డబ్బుతో కొలత చూపించే పంపు ఒకటి కొనండి. మీ బరువుకు, ట్యూబు ఉన్న 2.35 టైరుకు ముందు 26 పీఎస్ఐ, వెనక 2.1 టైరుకు 32తో మొదలుపెట్టండి. రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఇంకో పది ఎక్కువ ఉంచుకుని, కొండ కింద ఆగి దించుకోండి. అక్కడి నుంచి ఒక్కొక్క పాయింటు తగ్గించుకుంటూ, ఒకే మలుపును మళ్లీ మళ్లీ దిగి చూడండి. తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుంది. ఒక దశలో రాయి తగిలినప్పుడు రిమ్ము చప్పుడు వినిపిస్తుంది, లేదా మలుపులో టైరు పక్కకు నలిగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి రెండు పాయింట్లు పెంచండి, మీ సైకిలుకు సరైన గాలి అదే. ఆ అంకె రాసి పెట్టుకోండి. ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడితే అది ముల్లు పని కాదు, గాలి తక్కువై రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగింది. టైరు పక్కన ముద్రించిన కనిష్ఠానికన్నా కిందికి మాత్రం ఎప్పుడూ దిగకండి.

ట్యూబ్‌లెస్ ఇప్పుడే వద్దు. మీ రిమ్ము మీద ట్యూబ్‌లెస్‌కు తగినదని రాసి ఉంటే తరువాత ఆలోచించవచ్చు. లేని రిమ్ముకు టేపు చుట్టి నెట్టుకొస్తే, తక్కువ గాలితో దిగే మలుపులోనే టైరు అంచు జారి గాలి పోతుంది. మన దగ్గర సర్కారు తుమ్మ ముళ్లే పెద్ద బెడద, దాని కోసమే అడిగి ఉంటారు. మీ ట్యూబుకు మోటారు సైకిలు రకం వాల్వు ఉంటే దాని లోపలి పిన్ను విప్పి, చిల్లులు పూడ్చే ద్రవాన్ని డబ్బా మీద రాసిన కొలత ప్రకారం పోయవచ్చు. చిన్న ముళ్లకు అది చాలు. మన ఎండలకు ఆ ద్రవం కొన్ని నెలల్లోనే గడ్డకడుతుంది, మళ్లీ పోయాలి.

చివరిది నల్లరేగడి డొంక. దానికి టైరు లేదు. ఏ కంపెనీ వాళ్లు ఏం చెప్పినా నమ్మవద్దు. రేగడిలో ఉండే బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బే రకం, మాంట్‌మోరిల్లొనైట్ అంటారు. పత్తికీ మిరపకూ అది బలం, చక్రానికి శత్రువు. మొదటి చుట్టులో టైరుకు పూతలా పడుతుంది, తరువాతి చుట్టులో ఆ పూత మీద ఇంకో పూత. దానిలో గడ్డి, మిరప మోళ్లు కలిసి అల్లుకుపోతాయి. బొడిపెల మధ్య ఎడం ఎక్కువ ఉన్న టైరు నాలుగు బారలు ఎక్కువ దూరం పోతుంది, అంతే. కుండపోత కురుస్తున్నప్పుడు ఆ మట్టి పలచగా ఉండి కాస్తయినా జారిపోతుంది. వాన వెలిసి ఒక రోజు ఎండ తగిలాక, పైకి ఆరినట్టు కనిపించే రోజున, అన్నిటికన్నా ఘోరంగా పట్టుకుంటుంది. అప్పుడు మొండిగా పెడలు తొక్కితే గేరు మార్చే డిరైలర్ మట్టితో పాటు చువ్వల్లోకి లాక్కుపోతుంది. దాన్ని పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క విరిగితే ఇక నడకే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. చుట్టు తిరుగుడైనా తారు రోడ్డునే వెళ్లండి. తప్పనిసరైతే దొర్లించుకుపోకుండా భుజానికెత్తుకుని దాటండి. చక్రం తిరగనంత వరకు మట్టి పట్టదు. గట్టి వాన తరువాత ఎర్రమట్టి కొండ బాటకు కనీసం రెండు రోజులు, రేగడి డొంకకు వారం విడుపు ఇవ్వడం మంచిది. ఇది మీ సైకిలు కోసమే కాదు. తడిసిన వాలు మీద బ్రేకు పట్టి జారుతూ దిగితే చక్రం గీసిన గాడి వెంట తరువాతి వాన నీరు పారి బాటే కోతకు గురవుతుంది. ఆ దారినే పశువులను తోలుకుపోయేవాళ్లూ, కట్టెలకు పోయేవాళ్లూ నడుస్తారు. కొండపల్లి రిజర్వు అడవిలోకి వెళ్లాలనుకుంటే ముందు అటవీ శాఖ అనుమతి సంగతి కనుక్కోండి.

ఇంటికి వచ్చాక సైకిలును మోటారు సైకిళ్లు కడిగే వాటర్ సర్వీసింగ్ దుకాణానికి తీసుకెళ్లకండి. ఆ నీటి ధార ఒత్తిడికి హబ్బులు, పెడళ్ల ఇరుసు లోపలి సీళ్లు ఆగవు. గ్రీజు పోయి నీళ్లు చేరతాయి. మట్టి ఆరకముందే మగ్గుతో పైనుంచి నీళ్లు పోసి, బొడిపెల సందుల్లోది వేప పుల్లతో గీకి తీయండి. డిస్కులకు నూనె చెయ్యి తగలనివ్వకండి. ఆరబెట్టడం నీడలోనే. ఎండలో నిలబెడితే మీరు డబ్బు పోసి కొన్న ఆ మెత్తని రబ్బరే ముందు గట్టిపడుతుంది. ముందు టైరు అంచు బొడిపెలు గుండ్రబడ్డాక దాన్ని వెనక్కు మార్చి, ముందుకు ఇంకో కొత్తది వేసుకోండి. ఇప్పుడున్న 2.1 టైరును అప్పుడు తీసేయవచ్చు. మార్చే ముందు వెనక ఫ్రేము సందుల్లో కూడా ఖాళీ కొలవడం మరవకండి, చాలా సైకిళ్లలో అక్కడ ఖాళీ ముందుకన్నా తక్కువ ఉంటుంది.